కుక్కర్ విజిల్స్, అలక చాప, ఒక ‘కాస్త’

మా పెద్దది వాళ్ళ నానమ్మను “నోరు మూసుకో” అంది. ఇంట్లో మేమే ఉన్నప్పుడు అని ఉంటే కసిరి వదిలేసేవాళ్ళమేమో. మా ఆడపడుచు అత్తగారి వైపు వాళ్ళు పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చి, హాలు నిండా కూర్చుని టీ తాగుతున్నప్పుడు అంది. అప్పటికి దానికి ఐదేళ్ళ రెండు నెలలు. మూడేళ్ళ చిన్నోడు సోఫా వెనక నుంచి “నోలు మూచుకో, నోలు మూచుకో” అని పాట అందుకున్నాడు.

కార్డు ఇచ్చినావిడ నవ్వాలో వద్దో తెలియక ఇంకో బిస్కెట్ తీసుకుంది. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. నేను పిల్లను భుజం పట్టుకుని నానమ్మ ముందు నిలబెట్టి “సారీ చెప్పు” అని గద్దించాను. ఫ్యాన్ వైపు చూస్తూ చెప్పింది. చుట్టాల ముందు మా పెంపకం పరువు కాపాడుకోవడానికి చెప్పించిన సారీ అది. ఆ సంగతి దానికీ తెలుసు.

రాత్రి పంచాయితీ మొదలైంది. మాది తెనాలి, మా ఆయన వాళ్ళది కరీంనగర్ దగ్గర ఊరు, కాపురం హైదరాబాద్ మియాపూర్‌లో. అత్తమ్మ, మామయ్య మాతోనే ఉంటారు. “పోరి నన్నే నోరు మూస్కోమంటది. మా కాలంల అయితే తొడపాశం పెడ్తుండె” అంది అత్తమ్మ. మామయ్య సర్కారు బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యారు. “గోడకుర్చీలు వేయించిన, గుంజీలు తీయించిన. 2009ల విద్యాహక్కు చట్టం వచ్చినంక బెత్తం అల్మారీల పెట్టిన. సెక్షన్ 17ల కొట్టొద్దనే కాదు, మనసు నొప్పించొద్దని గూడ ఉంది” అన్నారు. “అది బడులకు బాపూ, ఇండ్లకు కాదు” అన్నాడు మా ఆయన. “బెత్తం పెట్టేసినంక పిల్లలేం చెడిపోలేదురా. మొదటి ఆర్నెల్లు నా చెయ్యే ఊరుకోలేదు” అని పడుకోవడానికి వెళ్ళిపోయారు మామయ్య.

ఆ మాట ఎక్కడ నేర్చిందో వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. మా ఆయన రోజూ రాత్రి తొమ్మిదింటికి టీవీలో చర్చలు చూస్తాడు. చూడడం కాదు, పాల్గొంటాడు. “నువ్వు నోరు మూసుకోవయ్యా, ఆయన్ని చెప్పనీ” అని యాంకర్ల దగ్గర్నుంచి నాయకుల దాకా అందరినీ అంటాడు. ఒకరు చెప్పేది మరొకరు విననప్పుడు వాడే మాట ఇదే కాబోలని పిల్ల తీర్మానించుకుంది.

అసలు సంగతి మర్నాడు జడ వేస్తుంటే బయటపడింది. నిన్న ఎందుకలా అన్నావని మామూలుగా అడిగాను. “తమ్ముడు బాత్రూంలో ట్యాప్ వదిలేశాడు. నీకు చెప్పా, నాన్నకి చెప్పా. నానమ్మకి నాలుగుసార్లు చెప్పా. నానమ్మ మాట్లాడుతూనే ఉంది.” చుట్టాలు వెళ్ళాక బాత్రూం గుమ్మం దాటి నీళ్ళు వచ్చిన మాట నిజమే. పంపు కట్టేసి, తుడుచుకుంటూ పిల్లలిద్దర్నీ కలిపి తిట్టాను కూడా. దువ్వెన అలాగే పట్టుకుని నిలబడిపోయాను. పిల్ల చెప్పింది సరైన విషయమే, సరైన సమయానికే. దాని దగ్గర వాక్యం లేదంతే. పెద్దవాళ్ళ మాటకు అడ్డం రాకూడదని మనం నేర్పుతాం. తప్పనిసరిగా అడ్డం రావలసి వస్తే ఏమనాలో మాత్రం నేర్పం.

ఇది అర్థమైనా, నేను చేసిన మొదటి పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆదివారం చార్టు కొనుక్కొచ్చి, స్కెచ్ పెన్నులతో ఇంటి నియమాలు రాశాను. పద్నాలుగు. అరవకూడదు, కొట్టకూడదు, పరిగెత్తకూడదు, గోడల మీద గీయకూడదు, సోఫా మీద తినకూడదు... చివరికి వచ్చేసరికి చోటు చాలక అక్షరాలు చిన్నవైపోయాయి. మా ఆయన చూసి “హాస్టల్లో కూడా ఇన్ని లేవు” అన్నాడు. ఒకరికి చదవడమే రాదు, ఇంకొకరికి ఒత్తులు ఇంకా రాలేదు. వారం తిరక్కుండా చిన్నోడు చార్టు మీదే గీశాడు. నియమాల ప్రకారం అది గోడ కాదు కాబట్టి తప్పు కూడా కాదు.

రెండోసారి మామయ్యను కూర్చోబెట్టుకున్నాను. ఆయన ఒకటో తరగతికి ముప్ఫై ఏళ్ళు చెప్పిన మనిషి. “ఏం చెయ్యొద్దో చెప్తే పిల్లలకు అదే యాదికుంటది. ఏం చెయ్యాల్నో చెప్పు. ఐదు దాటనియ్యకు” అన్నారు. ‘పరిగెత్తకు’ అని అరిస్తే చిన్నోడి చెవిలో ‘పరిగెత్తు’ ఒక్కటే పడుతోందని నాకూ అనుమానంగానే ఉండేది. ‘నడు’ అంటే నడుస్తున్నాడు. సరే, ఐదు తేల్చాం. చెప్పులు స్టాండులో. బయటి నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కోవడం. తినేటప్పుడు కంచం ముందే కూర్చోవడం, ఫోన్ లేకుండా. చేతులు ఇచ్చిపుచ్చుకోవడానికి, కొట్టడానికి కాదు. కోపం వస్తే నోటితో చెప్పడం. బొమ్మలు పెద్దదే గీసింది. కోపానికి గీసిన బొమ్మ అచ్చం నాలాగే ఉంది. జడ, కళ్ళద్దాలతో సహా. నేనేం అనలేదు. చార్టును ఫ్రిజ్ తలుపుకి, వాళ్ళ కళ్ళకు అందే ఎత్తులో అంటించాం.

చెప్పులూ కాళ్ళూ పది రోజుల్లో అలవాటయ్యాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు. ఫోన్ సంగతీ అనుకున్నంత కష్టం కాలేదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట నేను చెప్తే మా ఆయన వినలేదు గానీ, వాళ్ళ బాపు పేపర్ పక్కన పెట్టి “విన్నవా?” అంటే విన్నాడు. అన్నం ముందు ఫోన్ తీసేసిన మొదటి నాలుగు రోజులూ చిన్నోడు సగం తిని లేచిపోయాడు. అయిదో రోజు ఆకలేసి తిన్నాడు.

మాటలే కష్టం.

ముందు, అడ్డం రావడం. నేను ఎవరితోనైనా మాట్లాడుతుంటే పిల్ల వచ్చి నా మోచేతి మీద చెయ్యి వేయాలి. ఏమీ అనక్కర్లేదు. నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి వేస్తాను. ‘నువ్వొచ్చావని తెలుసు, ఆగు’ అని దానర్థం. వాక్యం పూర్తి కాగానే దానివైపు తిరుగుతాను. మరీ అర్జెంటైతే, అంటే నీళ్ళు, నిప్పు, తమ్ముడు ఈ మూడింటిలో ఏదైనా అయితే, “నానమ్మా, ఒక్క నిమిషం, నేనొకటి చెప్పాలి” అని గట్టిగా అనొచ్చు. ఇది పిల్లకు రెండు రోజుల్లో వచ్చింది. నాకు రావడానికి నెల పట్టింది. ఫోన్‌లో ఆఫీసు కాల్ మాట్లాడుతూ, దాని చెయ్యి మీద చెయ్యి వేసి, పావుగంట మర్చిపోయాను ఒకసారి. కాల్ అయ్యాక చూస్తే అలాగే నిలబడి ఉంది, చెయ్యి తీయకుండా. ఏం చెప్పాలనుకుందో కూడా మర్చిపోయింది.

తర్వాత ‘ఛీ’. బీరకాయ కూర వేస్తే ఛీ, పాల మీద మీగడ వస్తే ఛీ. ‘ఛీ’ బదులు ‘నాకు నచ్చలేదు’ అనమన్నాను. అత్తమ్మకు ఇది అసలు నచ్చలేదు. “నచ్చలేదని చెప్తే తినకుండ లేస్తరా? రేపు అత్తగారింట్ల గిట్లనే అంటదా?” అంది. ఇద్దరం మాట్లాడుకుని, రెండు ముద్దలు తిన్నాకే నచ్చిందో లేదో చెప్పాలని రాజీపడ్డాం. పిల్ల ఈ వాక్యాన్ని ఎంత శ్రద్ధగా పట్టుకుందంటే, పక్క ఫ్లాట్ ఆవిడ ఎంతో ప్రేమగా చేసి తెచ్చిన రవ్వలడ్డు రెండుసార్లు కొరికి, “నాకు నచ్చలేదండీ ఆంటీ, థాంక్యూ” అని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టింది. నిబంధనల్లో ఒక్కటీ తప్పలేదు. ఆవిడ మళ్ళీ ఏమీ తేలేదు.

పిల్లలిద్దరి మధ్య ఉయ్యాల గొడవ. బాల్కనీలో ఒకే ఉయ్యాల. గడియారం చూపించి పది నిమిషాలంటే ఇద్దరికీ అర్థం కాదు. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే ఒక రోజు విసుగొచ్చి “కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేదాకా అక్క, తర్వాత నువ్వు” అన్నాను. పనిచేసింది. విజిల్ ఎవరి మాటా వినదు, ఎవరి పక్షమూ కాదు. ప్రతి కూతకూ చిన్నోడు వేళ్ళు లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు దాకా వాడికి లెక్కలు అక్కడే వచ్చాయి. కొన్నాళ్ళకు పెద్దది వంటింట్లోకి వచ్చి స్టవ్ వైపు తేరిపార చూసి “అమ్మా, తమ్ముడి వంతప్పుడు నువ్వు సిమ్‌లో పెడుతున్నావు” అంది. నిజమే. వాడు ఉయ్యాల మీద ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని పెట్టాను. “నోటితో చక్కగా చెప్పావు, మార్చుకుంటాను” అన్నాను, సిగ్గుపడుతూనే.

చిన్నోడి కొరకడం వేరే కథ. వాడికి కోపం వస్తే మాట రాదు, పళ్ళు వస్తాయి. తిట్టాం, బుజ్జగించాం, మా ఆయన ఒకసారి తిరిగి కొరుకుతానని బెదిరించాడు కూడా. చివరికి వాడికి ఒక్క మాట ఇచ్చాం: “ఆగు”. ఎవరైనా వాడి బొమ్మ తీసుకుంటే అరచెయ్యి చాపి “ఆగు!” అనాలి. అంటే ఇంట్లో అందరూ, మామయ్యతో సహా, ఆగి తీరాలి. మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ నిద్ర చాలని రోజు కొరుకుతాడు.

ఇక నువ్వు, మీరు. మా నాన్నగారిని మేం మీరు అంటాం. అమ్మను నువ్వంటాం. అత్తమ్మ వాళ్ళింట్లో అందరూ అందరినీ నువ్వే. తెనాలి వెళ్ళినప్పుడు పిల్ల “తాతా, నువ్వు జరుగు” అంటే మా నాన్నగారు నా వైపు చూశారు. ఇక్కడికొచ్చి నేను “నానమ్మా మీరు” అనిపిస్తే అత్తమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. “సొంత మనుమరాలు మీరు అంటదా? పరాయిదాన్ని చేసినట్టుంటది బిడ్డా” అంది. ఒక ఇంట్లో మర్యాద అనుకున్నది ఇంకో ఇంట్లో దూరమైపోతోంది. ఎవరిని ఎలా పిలవాలో వాళ్ళనే అడగమన్నాం. తెనాలి తాతయ్య మీరు, కరీంనగర్ తాత నువ్వు. పిల్లలకు ఇందులో ఏ ఇబ్బందీ లేదు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలా ఇటూ అటూ మారిపోతారు. ఇబ్బందంతా మాకే.

బయటివాళ్ళందరినీ మాత్రం మీరు అనాలన్నాను. వాచ్‌మన్‌ని, ఆటో ఆయన్ని, కూరలావిడని. అక్కడ దొరికిపోయాను. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు మా అమ్మ వయసుంటుంది. ఆవిడ నన్ను “అమ్మా, మీరు” అంటుంది. నేను ఆవిణ్ణి “రేపు తొందరగా రా” అంటాను. “ఆమె పెద్దావిడ కదా, నువ్వెందుకు రా అంటావు?” అని పిల్ల ఆవిడ ముందే అడిగింది. ఆవిడ తల దించుకుని గిన్నె తోముతూనే ఉంది. ఏదో చెప్పి దాటేద్దామనుకున్నాను, రాలేదు. మర్నాటి నుంచి “రండి” అనడం మొదలుపెట్టాను. రెండు రోజులు చూసి ఆవిడే అంది: “మీరట్లా అంటే పని మాన్పిస్తారేమోనని టెన్షన్‌గా ఉందమ్మా.” అదేం లేదని నచ్చజెప్పాను. ఇప్పటికీ నాకు నోరు తిరగని రోజులుంటాయి, ఆవిడకు మొహమాటం పోని రోజులుంటాయి. పిల్లలు మాత్రం “మీరు టీ తాగుతారా?” అని హాయిగా అడుగుతారు.

ఆ ఏడు దసరాకు ఊరు వెళ్ళాం. మా ఆయన పెద్దన్నయ్యకు పిల్లలంటే ప్రాణం. ఆ ప్రాణం చూపించే పద్ధతి బుగ్గలు గిల్లడం, గడ్డం గుచ్చుతూ ముద్దులు పెట్టడం. పిల్లలు గుంజుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. చెడ్డవాడు కాదు. తరతరాలుగా అందరూ చేసేదే. కానీ అదే నెల బళ్ళో దీనికి మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి చెప్పారు. నీకిష్టం లేకపోతే వద్దని చెప్పమన్నారు, పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు కూడా నేర్పారు. బళ్ళో వద్దనమని, ఇంట్లో “పెదనాన్నకి ముద్దివ్వు, పాపం అడుగుతున్నాడు” అని మనమే తోస్తుంటే పిల్ల ఏ మాట నమ్మాలి? బస్సులో ఇద్దరం ప్రాక్టీసు చేశాం. “పెదనాన్నా, ముద్దు వద్దు. జమ్మి ఇస్తాను.” దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టడం అక్కడ ఎలాగూ ఉన్నదే.

గుమ్మంలోనే ఆయన చేతులు చాపాడు. పిల్ల ఒక అడుగు వెనక్కి వేసి, గొంతు వణుకుతుంటే, నేర్చుకున్న వాక్యం మొత్తం చెప్పి జమ్మి ఆకు చాపింది. ఆయన నవ్వి “అబ్బో, పట్నం మాటలు” అంటూ ఎత్తుకోబోయాడు. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అరుగు మీద నుంచి అంది: “పోరి వద్దంటుంది గదరా. చెప్పినంక గూడ పట్టుకుంటవేందిరా? బంగారం తీస్కో.” తొడపాశం పెడతానన్న మనిషే. ఆయన ఆకు తీసుకున్నాడు. భోజనాల దాకా ముభావంగానే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు పిల్లే పరిగెత్తుకెళ్ళి ఆయన వేలు పట్టుకుని కారు దాకా నడిచింది.

అలక చాప గురించి చెప్పాలి. మా అమ్మ తెనాలి నుంచి తెచ్చిన చిన్న తుంగచాప బీరువాకి, బాల్కనీ తలుపుకి మధ్య వేశాం. కోపం వస్తే ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఎవరూ ఎవరినీ పంపకూడదు. కూర్చున్నవాళ్ళను వెక్కిరించకూడదు, బతిమాలకూడదు. లేచి వచ్చాక ఏం కోపమో ఒక్క ముక్క చెబితే చాలు. పెళ్ళిళ్ళలో అల్లుడికి అలక పాన్పు వేసిన జాతి మనది, పిల్లలు అలిగితే మాత్రం ఓర్వలేం. మామయ్య చాప చూసి, “కైకేయి కోపగృహంల గిట్లనే కూర్చున్నది, ఏం అడుగుతదో చూస్కో” అన్నారు.

దీన్ని కూడా నేనే పాడుచేశాను. ఒక సాయంత్రం పిల్ల వాటర్ కలర్స్ మంచం మీద ఒలకబోస్తే “పో, పోయి చాప మీద కూర్చో!” అని అరిచాను. అంతే. రెండు వారాలు అటువైపు వెళ్ళలేదు. పంపితే అది చాప కాదు, గోడకుర్చీ. చివరికి దాన్ని మళ్ళీ అలక చాప చేసింది అత్తమ్మే. మామయ్యతో కరెంటు బిల్లు దగ్గర మాటా మాటా పెరిగి, విసురుగా వెళ్ళి దానిమీద గోడకానుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ గుడ్లప్పగించి చూశారు. “నానమ్మను పలకరించొద్దు” అని పెద్దది తమ్ముడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పావుగంటకు లేచి వచ్చి అత్తమ్మ చెప్పిన ఒక్క ముక్క: “నా మాట పూర్తి గానియ్యడు.” మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఇప్పుడు పెద్దదానికి ఆరు నిండాయి. దాన్ని పెద్దగా పట్టించుకోనవసరం లేదు. మా దృష్టంతా చిన్నోడి మీద. నెల నుంచీ వాడికి ‘కాస్త’ నేర్పుతున్నాను. ప్లీజ్ మన మాట కాదు కాబట్టి వాడి నోట్లో పాటలా వచ్చిపోతోంది. ‘కాస్త జరుగుతారా’, ‘కాస్త నీళ్ళిస్తారా’ అంటే అడిగినట్టుంటుంది. చక్కగా పట్టుకున్నాడు. కాస్త బొమ్మ ఇస్తారా, కాస్త లైట్ వేస్తారా అని ఇల్లంతా తిరుగుతున్నాడు.

మొన్న శనివారం అత్తమ్మ ఫోన్‌లో వాళ్ళ చెల్లెలితో మాట్లాడుతోంది. వీడు వెళ్ళి మోచేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ వాడి చేతి మీద చెయ్యి వేసింది. అంతా పద్ధతి ప్రకారమే. నేను వంటింట్లో పోపు వేస్తూ మురిసిపోతున్నాను. ఫోన్ ఎంతకీ అవలేదు. అప్పుడు వాడు మెత్తగా, ఎంతో మర్యాదగా అడిగాడు.

“నానమ్మా, కాస్త నోలు మూచుకుంటారా?”